పెదాలు కనపడని చోట

పిచ్చుక స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకుని ముప్పావుగంట అయింది.

తప్పు పాలదనాలో దాని నాన్నదనాలో ఇంట్లో ఎవరూ తేల్చుకోలేకపోయారు. ఐదు రోజులుగా నోరు కట్టేసుకుని, ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్న మనిషి, పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగుతుంటే అలవాటు కొద్దీ "పాలు, పాలు" అన్నాడు. అంతే. బల్ల దగ్గర రొట్టె కొరుకుతున్న ఏడేళ్ళ పిచ్చుక ఆ ముక్క అక్కడే పడేసి పరుగెత్తింది. తలుపు ధడాలున మూసుకుంది. పాలు ఎలాగూ పొంగిపోయాయి.

ఇప్పుడు ఆ తలుపుకి ఇవతల ముగ్గురున్నారు. పిల్ల తల్లి తలుపుకి చెవి ఆనించి నిలబడింది. నాయనమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని కూర్చుంది. వీధి వీధంతా గొంతాయన అని పిలుచుకునే ఆ తండ్రి పలక పట్టుకుని గోడకి అతుక్కుపోయాడు.

లోపల కుళాయి ధారగా పడుతోంది. బయటి మాటలేవీ వినపడకుండా పిల్ల కుళాయి విప్పి పెట్టుకుంది.

"దాన్ని పరుగెత్తనివ్వద్దంది కదా డాక్టరమ్మ," అంది నాయనమ్మ, ఎవరి మొహమూ చూడకుండా.

"తెలుసు అత్తయ్యా."

"ఏడవనివ్వద్దు అని కూడా అంది."

అత్తగారి మాటలో దెప్పు లేదు, ఉన్నదంతా భయమే. పిల్ల గుండెలో పుట్టుకతోనే ఒక చిల్లు ఉంది. సోమవారం పొద్దున ఆపరేషన్. ఒకసారి జ్వరం వచ్చి, ఒకసారి జలుబు చేసి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి కూడా తప్పితే ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదని పెద్ద డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇంత చిన్న పిల్ల ఇన్ని సూదులు ఎలా ఓర్చుకుంటోందా అని నర్సులు ఆశ్చర్యపోయేవారు. అందులో దాని గొప్పేం లేదు, అంతా వాళ్ళ నాన్న గొంతుది. సూది గుచ్చే ముందు ఆయన దాని చెవి దగ్గర వంగి, "కళ్ళు మూసుకో. పది లెక్కపెట్టు. నేనున్నానుగా," అనేవాడు. పిల్ల బుద్ధిగా కళ్ళు మూసుకునేది. పది అయ్యేలోపు పని అయిపోయేది. నాలుగేళ్ళుగా అలాగే నడిచింది.

పోయిన ఆదివారం సాయంత్రం అదే మాట, అదే గొంతుతో, టీవీలో వచ్చింది. సీరియల్లో అందరినీ కాపాడే వీరుడు ఉక్కురెక్క ఒక చిన్నపిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ మాట అన్నాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. వాడి చెయ్యి ఆ పిల్ల మొహం మీదికి వెళ్ళింది. ఆ వారం భాగం అక్కడితో ఆగిపోయింది. పిచ్చుక అప్పటినుంచి తండ్రి గొంతు వింటే చాలు పారిపోతోంది.

అది చాలదన్నట్టు బుధవారం ఇంకోటి జరిగింది. మత్తు ఇచ్చే డాక్టరమ్మ, పాపం ఏమీ తెలియక, పిచ్చుకకి ఒక మాస్కు చూపించి, ఇది పెట్టుకుని కళ్ళు మూసుకుని పది లెక్కపెడితే నిద్రొచ్చేస్తుందని ముద్దుగా చెప్పింది. పిల్ల ఆవిడ చెయ్యి కొరికి మంచం కిందికి దూరింది. ఇలా బెదిరిపోయే పిల్లకి మత్తివ్వడం ప్రమాదమని, ఒప్పించగలరో లేదో శుక్రవారం సాయంత్రం ఆరులోపు తేల్చి చెప్పమని, లేకపోతే సోమవారాన్ని వరసలో ఉన్న ఇంకో పిల్లకి ఇచ్చేస్తామని డాక్టరమ్మ అంది. ఇవాళ శుక్రవారం.

గొంతాయన పలక మీద రాసి భార్యకి చూపించాడు. తను బయటికి పోతానని, ఇంట్లో లేనని పిల్లకి చెప్పమని. ఆమె చదివి తలూపింది గానీ ఆయన వైపు చూడలేదు.

"నాన్న వెళ్ళిపోతున్నాడు తల్లీ. కుళాయి కట్టెయ్యి. చెప్పుల చప్పుడు వినపడుతుంది," అంది తలుపుతో.

కుళాయి ఆగింది.

కన్నకూతురికి తను లేనని నమ్మకం కుదరడానికి ఆయన మెట్ల మీద గట్టిగా అడుగులు వేస్తూ దిగాల్సి వచ్చింది. సగం మెట్లు దిగేసరికి ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పైన గడియ తీసిన చప్పుడు వినపడ్డాక వీధిలోకి నడిచాడు.

వీధిలో పరిస్థితి ఇంకో రకం. సెలూన్ ఆయనకీ, ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయనకీ సోమవారం నుంచి మాటలు లేవు. నాలుగో సీజన్ చూశాక అద్దాల మీద అతికించిన ఉక్కురెక్క బొమ్మలన్నీ సెలూన్ ఆయన చింపేశాడు. మూడు సీజన్ల పాటు మునిగే పడవల్ని పైకెత్తి, కూలే వంతెనల్ని భుజాన మోసినవాణ్ణి తీసుకొచ్చి పసిపిల్లల మీదికి తోలడానికి ఆ రాసినవాళ్ళకి చేతులెలా వచ్చాయని ఆయన బాధ. గడియారాల ఆయనది మరో వాదం. ఎంతసేపూ పడవలెత్తే వాణ్ణి చూసి ఆవలింతలు రావడం తప్ప ఏముంది, ఇన్నాళ్ళకి ఆ సీరియల్‌కి బుర్ర వచ్చింది అంటాడు. ఇద్దరూ గొంతాయన్ని చూడగానే తీర్పు చెప్పమని పట్టుకున్నారు.

ఆయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. గొంతు దాచుకుంటున్నాడనుకుని ఇద్దరూ గౌరవంగా వదిలేశారు.

మందుల షాపు ముందు మాత్రం ఒకావిడ వదల్లేదు. మీ పుణ్యమా అని మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ పడుకునేటప్పుడు కళ్ళు మూసుకోనంటున్నారండీ, ఒకరి తర్వాత ఒకరు కాపలా కాస్తున్నారు అని నిలదీసింది. ఆమె పక్కనున్న పిల్ల ఆయన మొహంలోకి చూసి తల్లి వెనక్కి పోయింది. ఆయన అక్కణ్ణుంచి గబగబా కదిలాడు. ఇన్నాళ్ళూ తన ఇంట్లో ఒక్క పిల్లకే అనుకున్నాడు. టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక పిచ్చుక ఉంటుందన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ మాట అసలు సీరియల్లో లేదు.

ఉక్కురెక్క పరభాష సీరియల్. మన భాషలో వాడికి గొంతు ఈయనది. డబ్బింగ్ చెప్పేవాడు పెదాలు కనపడినంతసేపూ పెదాలకి బానిస. తెర మీద నోరు ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడే పలకాలి, ఎప్పుడు మూసుకుంటే అప్పుడే ఆపాలి. పెదాలు కనపడని చోట మాత్రం వాడే రాజు. ఆ దృశ్యం ఉక్కురెక్క వీపు వెనక నుంచి తీసింది. అసలు సీరియల్లో అక్కడ వాడు ఏమీ అనడు, ఊపిరి చప్పుడు తప్ప. ఖాళీగా ఉంది, ఏదైనా వెయ్యి అని అద్దం అవతల రికార్డింగ్ గదిలోంచి అన్నారు. నాలుగు గంటలుగా అరిచి అలిసిపోయిన మనిషికి నోటికి ఏది దొరికితే అది వేశాడు.

స్టూడియోకి చేరేసరికి డబ్బింగ్ మేడమ్ ఒక్కతే ఉంది. ఊళ్ళో పేరున్న గొంతులన్నీ ముప్పై ఏళ్ళుగా ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. ఆయన తలుపు వేసి, ఐదు రోజుల్లో మొదటిసారి గట్టిగా ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

"ఎల్లుండి భాగం మొదట్లో మళ్ళీ వేసే ఆ మాట తీసెయ్యండి మేడమ్."

ఏ మాట అని ఆమె అడగలేదు. చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది. భాగం మంగళవారమే వెళ్ళిపోయిందని, ఇక వెనక్కి రాదని చెప్పింది. పైగా ఆ మాటని ప్రకటనల్లో కూడా వేస్తున్నారట. ఆ సీరియల్ తీసినవాళ్ళే ఫోన్ చేసి ఆ మాటకి అర్థం ఏమిటని అడిగారట. మిగతా భాషల్లో ఈ సీజన్ చప్పగా ఉందని సగంమంది తిడుతున్నారట, మన దగ్గర మాత్రం తిట్టేవాళ్ళు కూడా జడుసుకుని మరీ చూస్తున్నారట.

"నా కూతురు కూడా జడుసుకుంది," అన్నాడు ఆయన.

మేడమ్‌కి పిచ్చుక తెలుసు. స్టూడియోకి వచ్చినప్పుడల్లా ఆమె కుర్చీలోనే గిరగిరా తిరిగేది. ఆపరేషన్ సంగతీ తెలుసు. ఆయన మొత్తం చెప్పాక ఆమె కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

"ఆ మాట ఎక్కణ్ణుంచి తెచ్చావని ఆ రోజే అడిగాను," అంది. "నోటికొచ్చిందన్నావు. ఇంటిదని చెప్పి ఉంటే ఉంచనిచ్చేదాన్ని కాదు. ఇంటి మాట మైకు ముందుకి తేవద్దని కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటిరోజే చెప్తాను. నీకూ చెప్పాను."

చెప్పింది. పదిహేనేళ్ళ కిందట, ఇదే గదిలో. ఆయన తల దించుకున్నాడు.

"పోనీ ఆ పిల్ల సంగతైనా..."

"ఏ పిల్ల?"

"సీరియల్లో పిల్ల. ఎల్లుండి లేచినట్టు ఏదైనా..."

"నువ్వేగా డబ్బింగ్ చెప్పావు," అంది మేడమ్. ఆమె గొంతులో జాలి ఉంది. "చచ్చిపోయిన పిల్లని డబ్బింగ్‌లో బతికించలేం నాయనా."

ఆ పిల్ల లేస్తుందా లేదా అన్నది ఊరంతా పందెం కాస్తున్న సంగతి. పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని ఆ భాగం చూపించిన ఘనుడు, అంటే ఆయన బావమరిది, ఆ రాత్రే ఫోన్ చేసి, అదరగొట్టావు బావా, ఇంతకీ లేస్తుందా అని ప్రాణం తీశాడు. మర్నాడు మేనకోడలి సంగతి తెలిశాక మళ్ళీ మొహం చూపించలేదు. కథ ముందుగా బయట పెట్టనని స్టూడియోకి సంతకం చేసి ఇచ్చాడు కాబట్టి గొంతాయన ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల లేవదు. ఉక్కురెక్క పెదాలు అక్కడ బాగానే కనపడతాయి, మాట మార్చే వీల్లేదు, వాడు అనాల్సింది అని వెళ్ళిపోతాడు.

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. భార్య బల్ల ముందు కూర్చుని ప్రూఫులు దిద్దుతోంది. ప్రింటింగ్ ప్రెస్ వాళ్ళు పిల్ల ఆపరేషన్ అని ఇంటికే పంపిస్తున్నారు. ఎర్ర పెన్సిల్ చేతిలో ఉంది గానీ పేజీ మీద ఒక్క గుర్తూ లేదు. ఆయన పలక అందుకోబోయాడు.

"రాయకండి, మాట్లాడండి. దాన్ని మీ అమ్మ గదిలో రేడియో పెట్టి పడుకోబెట్టాను, వినపడదు."

ఆయన ఎదురుగా కూర్చున్నాడు. గొంతు అమ్ముకుని బతికే మనిషికి మాటొక్కటే కరువైంది.

"మీకు ఆ క్షణంలో ఇంకో మాటేదీ తట్టలేదా?" అంది ఆమె.

"తట్టలేదు. ఆ పిల్ల దీని ఈడుదే. దాన్ని చూసేసరికి అదే వచ్చింది."

"ఎలా అన్నారు?"

"ఎలా అంటే?"

"కర్కశంగా అన్నారా, వాడు దుర్మార్గుడని తెలిసేట్టు?"

"లేదు. మామూలుగానే అన్నాను. దీనికి చెప్పినట్టే అన్నాను," అన్నాడు.

ఆమె పెన్సిల్ కింద పెట్టింది.

"కర్కశంగా అనుంటే పిల్ల అది మీ గొంతని కూడా గుర్తుపట్టేది కాదు. ఎవడో అనుకునేది. మీరు మీలాగే అన్నారు. అందుకే అది నన్ను ఏమని అడిగిందో తెలుసా? నాన్న నన్ను ఎన్నిసార్లు కళ్ళు మూసుకోమన్నాడమ్మా అని. లెక్కపెట్టుకుంటోంది. అన్నిసార్లూ తప్పించుకున్నాననుకుంటోంది."

ఆయన చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆమె ఓదార్చలేదు. ఆమెకి ఓదార్చాలనే ఉంది, కానీ లేచి అటు వెళ్ళలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన గొంతు విని మురిసిపోయిన మనిషే ఆమె. ఇప్పుడు ఆ గొంతు తనని కూడా ఉలిక్కిపడేట్టు చేస్తోందని ఆయనకి చెప్పలేకపోయింది.

"ఆ పిల్ల లేస్తుందా?" అంది.

బయట పెట్టకూడని మాట ఆయన భార్యకి చెప్పేశాడు. లేవదన్నాడు. ఆమె మెడలోని గొలుసు వేలికి చుట్టుకుంది. ఆదివారం టీవీ పెట్టకుండా చూద్దామంది. టీవీ పెట్టకపోతే మాత్రం ఏం, సాయంత్రానికల్లా వీధిలో గోలగోలగా చెప్పుకుంటారు, పిల్ల కిటికీలోంచి వింటుందని ఆయన అన్నాడు. పోనీ శనివారమే మా తమ్ముడింటికి తీసుకుపోతానంది. వాడి వీధిలో టీవీలు లేవా అన్నాడు ఆయన.

ఐదున్నరకి నాయనమ్మ బయటికి వచ్చి పిల్ల లేచిందని చెప్పింది. ఆయన వెంటనే నోరు మూసుకుని వంటగదిలోకి పోయి, ఉన్న గిన్నెలన్నీ తొట్టిలో వేసుకుని తోమడం మొదలుపెట్టాడు. గోడ మీద గడియారం వైపు చూడకూడదనుకుంటూనే నిమిషానికోసారి చూస్తున్నాడు. ఆరుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.

వెనక అడుగుల చప్పుడయింది. పెద్దవాళ్ళవి కావు.

ఆయన కదల్లేదు. దగ్గితే పారిపోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు. పిచ్చుక గుమ్మం దగ్గర ఆగింది. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత ఇంకో రెండు అడుగులు లోపలికి వచ్చి, ఆయన చెయ్యి అందనంత దూరంలో నేల మీద పలక పెట్టి, దాని మీద బలపం పెట్టి, మళ్ళీ వెనక్కి పోయింది.

"నోటితో చెప్పొద్దు," అంది. "రాసి చూపించు."

ఆయన తలూపి, చేతులు తుడుచుకుని, నేల మీద కూర్చున్నాడు. పిల్ల నీరసంగా ఉంది. పెదవులు కొంచెం నీలంగా ఉన్నాయి. పొద్దున ఆ పరుగుకే ఇలా అయిందని ఆయనకి తెలుస్తోంది.

"టీవీలో ఆ అమ్మాయి లేస్తుందా?"

ఆయన బలపం పట్టుకున్నాడు.

"నీకు తెలుసని మామయ్య ఆ రోజే అమ్మతో అన్నాడు. అంతా నీకు ముందే తెలుసంట. లేస్తుందా, లేవదా?"

ఐదు రోజుల్లో పిల్ల ఆయనతో ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి. ఆయన దాని మొహంలోకి చూశాడు. అది భయపడుతూనే ఆయన కళ్ళలోకి చూస్తోంది, తప్పుకోవడం లేదు. లేవదని రాస్తే సోమవారం లేదు. సోమవారం లేకపోతే ఆ తర్వాత ఏముందో పెద్ద డాక్టరు చెప్పనే చెప్పాడు. ఆదివారం సంగతి ఆదివారం చూసుకుందాం అనుకున్నాడు. అనుకున్నాడో లేదో కూడా ఆయనకి తెలియదు, చెయ్యి రాసేసింది.

పలక తిప్పి చూపించాడు. ఒకటే మాట. లేస్తుంది.

పిచ్చుక కూడబలుక్కుని చదివింది. ఇంకోసారి చదివింది. దాని భుజాలు మెల్లగా కిందికి దిగాయి. వచ్చి ఆయన పక్కన, మధ్యలో జానెడు చోటు వదిలి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"నిజంగా?"

ఆయన తలూపాడు.

"అయితే ఆదివారం నీ పక్కన కూర్చుని చూస్తా," అంది పిచ్చుక. "ఆ అమ్మాయి లేచాక, సోమవారం నేను కూడా కళ్ళు మూసుకుంటా."

ఆయన తలెత్తేసరికి గుమ్మంలో భార్య ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పలక మీది మాట ఆమెకి కూడా కనపడుతోంది. ఆమె మొహంలో రక్తం లేదు. ఒక చేతిలో ఫోన్ ఉంది, రెండో చెయ్యి దాని మీద అడ్డం పెట్టి అవతలి వాళ్ళకి వినపడకుండా నొక్కి పట్టుకుంది.

"ఆసుపత్రి వాళ్ళు," అంది. "సోమవారం వస్తున్నామా లేదా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

ఆయన పలక వైపు చూశాడు, బలపం వైపు చూశాడు.

"వస్తున్నామని చెప్పమ్మా," అంది పిచ్చుక. "నాన్న చెప్పాడుగా."